బొటనవేలి మూలన తెల్లమచ్చ

నా కుడిచేతి బొటనవేలి మూలన, మణికట్టుకు ఆనుకుని, ఒక తెల్లమచ్చ ఉంది. దాని నుంచి సన్నని తోక వంటిది ముంజేతి వైపు పాకింది. నాతో మాట్లాడటానికి వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి, ఆ తర్వాత నా ముఖం చూస్తున్నారు. అడిగినవాళ్లకు జవాబు చెప్పాను. అడగనివాళ్లే ఎక్కువ. కీళ్ల నొప్పికి స్టెరాయిడ్ సూది వేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికి రావచ్చునని, నా మనసులో కూడా ఈ సంగతులు ఒక వరుసలో కూర్చుంటాయని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను డాక్టరును కాను. లక్సెట్టిపేట దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతాను. వయసు యాభై రెండు. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి నెలలు తారుమారు కాలేదు. ఖర్చు లెక్క కూడా ఉంది కాని దానితో ఇక్కడ పనిలేదు.

ఫిబ్రవరి, మార్చి

నొప్పి మొదట చాక్‌పీసు పట్టుకున్నప్పుడు తెలిసింది. బోర్డు మీద సమీకరణం రాస్తూ సమానం గుర్తు దగ్గరికి వచ్చేసరికి బొటనవేలి మూలలో సన్నని పుల్లతో గుచ్చినట్టయింది. అలసట అనుకున్నాను. పది రోజుల్లో తాళంచెవి తిప్పడం, నల్లా కట్టేయడం, కుక్కర్ మూత తీయడం ఒక్కొక్కటిగా ఎడమచేతికి మారాయి. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో మార్కులు వేసి, కలం కింద పెట్టి, వేలిని కాసేపు మరో చేతిలో దాచుకుని, మళ్లీ కలం పట్టేదాన్ని.

ఇవన్నీ ఎడమచేతితో నెట్టుకురాగలిగినవే. నెట్టుకురాలేని పని ఒకటుంది. దాని గురించి కొంత చెప్పాలి.

మేము మెథడిస్టు సంఘంవాళ్లం. మా గుడిలో ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం జరుగుతుంది. దానికి రొట్టె కోయడం, ద్రాక్షరసం తీయడం మా ఇంటి పని. మా అత్తమ్మ రూతమ్మ కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ పని చేసి, చేతులు వణకడం మొదలైన తర్వాత నాకు అప్పగించింది. శనివారం సాయంత్రం నల్లద్రాక్ష కడిగి, కొంచెం చక్కెర వేసి ఉడికించి, పలుచని తెల్లబట్టలో పోసి పిండాలి. రొట్టె అంచులు తీసేసి చిన్న చదరాలుగా కోయాలి. ఆ బల్ల దగ్గర ఒకరికి పెద్ద ముక్క, ఒకరికి చిన్న ముక్క రాకూడదని అత్తమ్మ మొదటిరోజే చెప్పింది. ఈ పనికి జీతం లేదు. ఎవరు చేశారని ఎవరూ అడగరు. అయినా పెళ్లయి వచ్చిన ఊళ్లో ఇది నాది అని నేను అనుకున్నది ఆ శనివారపు పని ఒక్కటే.

మార్చి మొదటి శనివారం బట్ట మెలిపెట్టగానే చెయ్యి జారిపోయింది. అత్తమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది.

“ఏందే, రసమంతా బట్టల్నే ఉండె. పిండుతున్నవా, బుజ్జగిస్తున్నవా?”

“చెయ్యి పట్టుకుంటలేదత్తమ్మా.”

“బాము రాస్కో. పొద్దుగాల వరకు తక్కువైతది.”

ఆ నెల మా ఆయన ప్రకాశం పిండాడు. ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. బలమైన చేతులు. బట్ట చినిగి గింజలన్నీ గిన్నెలో పడ్డాయి. అత్తమ్మ గింజలు ఏరడానికి కళ్లజోడు తెచ్చుకుంది.

ఏప్రిల్

కరీంనగర్‌లో ఎముకల డాక్టరు మంచివాడని తోటి టీచరు చెప్పింది. మంచిర్యాలలో బస్సెక్కాం. సుల్తానాబాద్ దాటేదాకా మా ఆయన ఎండల గురించి, డిపో గురించి మాట్లాడాడు. ఆసుపత్రులకు వెళ్లేటప్పుడు ఆయన ఊరు దగ్గరపడే కొద్దీ మౌనంగా అయిపోతాడు.

వరండా నిండా మనుషులు. ప్రతి ఒక్కరి ఒడిలో ఎక్స్‌రే కవరు. పక్కవాళ్ల మోకాలు బొమ్మ వెలుగుకు పట్టి చూసి, తమ మోకాలితో పోల్చుకుని, ఎవరిది ఎక్కువ అరిగిందో వాళ్లే తీర్పు చెప్పుకుంటున్నారు. నా పక్కన ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. పత్తి ఏరి ఏరి భుజం పట్టేసిందట. చెయ్యి చెవిదాకా లేవడం లేదు. నేను నీళ్ల సీసా మూత తిప్పలేక ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను. ఆమె కాసేపు చూసింది.

“ఇటు దే బాయీ. నాకు భుజమే పోయింది, వేళ్లు మంచిగనే ఉన్నయి.”

మూత తీసి ఇచ్చింది. నేను తాగాక మళ్లీ బిగించి, “వదులుగ పెట్టిన. మళ్ల అడిగే పని లేకుంట” అంది. ఆమె పేరు అడగలేదు. పిలుపు రాగానే లేచి వెళ్లింది.

డాక్టరు నా వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “కీలు అరిగింది మేడమ్. అరుగుడుతోని వాపు వచ్చింది. కీళ్ల స్టెరాయిడ్ సూది వేస్తె వాపు తగ్గుతది. అరిగింది మాత్రం తిరిగి రాదు.”

మా ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. “స్టెరాయిడా? మా చిన్నమ్మకు మొఖం కుండలెక్క వాచింది సార్ గా మందుతోని.”

“ఆమె ఏండ్ల తరబడి గోలీలు మింగి ఉంటది. ఏం గోలీలో చెప్పకుంట ఎవరో ఇచ్చి ఉంటరు.”

“మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిండు.”

“ఇది వేరే. ఒక్క కీలుకు, ఒక్కసారి. మళ్లీ మళ్లీ వేసేది కాదు.”

ఎంతకాలం పనిచేస్తుందని అడిగాను. ఒకరికి రెండు నెలలు, ఒకరికి ఏడాది, ముందుగా మాట ఇవ్వలేనని చెప్పాడు. రెండుమూడు రోజులు నొప్పి ఎక్కువ కావచ్చు. షుగరు కొన్నాళ్లు పెరగవచ్చు. కొందరికి సూది పడ్డచోట చర్మం పలుచబడి తెల్లగా మారవచ్చు. మూడూ రాసుకున్నాను. షుగరు అనే మాట కింద గీత గీశాను, నాకు అది సరిహద్దులో ఉంది కాబట్టి.

సూది సంగతి ఎక్కువ చెప్పను. చల్లని మందు కొట్టారు. నొప్పి కంటే ఒత్తిడి ఎక్కువ తెలిసింది. నిండిన పెట్టెలో ఇంకో వస్తువు పెట్టి మూత వేస్తున్నట్టు. ఆ రెండు రాత్రులు నిద్ర లేదు. వారంపాటు షుగరు ఎక్కువగా వచ్చింది, తర్వాత దిగింది. తొమ్మిదో రోజు ఉదయం పళ్లు తోముకోవడానికి నల్లా తిప్పాను. నీళ్లు పడుతుండగా గుర్తొచ్చింది, తిప్పింది కుడిచెయ్యి.

మే నుంచి జులై

ఈ మూడు నెలల గురించి డైరీలో పెద్దగా ఏమీ లేదు. ఒళ్లు బాగున్నప్పుడు రాసుకోవడానికి ఏముంటుంది? మేలో, జూన్‌లో, జులైలో ద్రాక్ష నేనే పిండాను. బట్టలో పిప్పి పొడిగా మిగిలింది. అత్తమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసి కోళ్లకు వేసింది.

బడి తెరిచిన నెల తర్వాత, ఒకరోజు ఆరో తరగతి నుంచి వస్తుంటే బొటనవేలి మూలన తెల్లగా కనిపించింది. చాక్‌పౌడరు అనుకుని చీరకొంగుతో తుడిచాను. పోలేదు. స్టాఫ్‌రూమ్‌లో కడిగాను. ఇంటికి వచ్చి సబ్బు పెట్టి కడిగాను. తడి ఆరిన కొద్దీ మరింత తెల్లగా కనిపించింది. చర్మం ఉల్లిపొరలా పలుచబడి, లోపలి నరం నీలంగా తెలుస్తోంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరు చెప్పినదే మళ్లీ చెప్పాడు. ప్రమాదం లేదు. రంగు మెల్లగా తిరిగి వస్తుంది, నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు, కొందరికి పూర్తిగా రాదు. ఎవరో చెప్పారని ఆకుపసరు, లేపనం రాయొద్దు. నేను ఏదీ రాయలేదు. వచ్చినవాళ్లు మాత్రం చాలా చెప్పారు.

ఆగస్టు

స్త్రీల సమాజం కూడిక మా సంఘంలో గురువారం సాయంత్రం. దానికి కార్యదర్శి మార్త. నాకంటే పదేళ్లు చిన్నది. ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. పాట అయిపోగానే నా చెయ్యి పట్టుకుంది.

“గదేంది టీచరక్కా? కాలిందా?”

“కాదు మార్తా. వేలికి సూది వేయించుకున్న గదా, ఆడ తెల్లబడ్డది. మెల్లగ తగ్గుతదట.”

“సూదేస్తె తెల్లగైతరా? నాకు చిన్నప్పటి సంది ఎన్ని సూదులేసిన్రో. గట్లైతె నేను ఈపాటికి దొరసాని లెక్క కావాలె గదా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో తప్పేమీ లేదు. కాని సూది మాట ఎవరూ నమ్మలేదని ఆ నవ్వుతోనే తెలిసింది. వాళ్లు ఎరిగిన సూదులు వేలకొద్దీ. ఏ ఒక్కటీ మనిషిని తెల్లగా చేయలేదు.

నెలాఖరుకు మచ్చకు తోక వచ్చింది. మందు చర్మం కిందినుంచి పాకిన దారి అది అని డాక్టరు తర్వాత చెప్పాడు. చూసేవాళ్లకు మాత్రం అది పెరుగుతున్న మచ్చ. ఆ తర్వాతి కూడికలో నా పక్క చోటు ఖాళీగా ఉంది. చాప చిన్నది, ఖాళీ పెద్దగా కనిపించింది.

ఇంట్లో ఒక మార్పు గమనించాను. అత్తమ్మ తన స్టీలు గ్లాసును నేను కడిగే గిన్నెల్లో వేయడం మానేసి, తనే కడుక్కుని కిటికీ గట్టు మీద పెట్టుకుంటోంది. మా ఆయన చూశాడు. చూసి బయటికి వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం వచ్చింది కాని ఆయన ఎవరి పక్షాన ఏం మాట్లాడగలడు? వారం రోజులు ఓపిక పట్టి నేనే అడిగాను.

“అత్తమ్మా, నీకు భయమైతున్నదా?”

“నీతోని భయం కాదు బిడ్డా. మా మేనత్తకు చేతికి గిట్లనే సురువైంది. ఊరవతల గుడిసెల ఉంచిన్రు. నేను చిన్నపోరిని. బువ్వ దీస్కపోయి బండ మీద పెట్టి ఉరికొచ్చేదాన్ని. ఆమె నన్ను పేరు పెట్టి పిలుస్తుండె, నేను ఎన్కకు జూడకపోదును.”

నేను నా చెయ్యి ఆమె ముందు పెట్టాను. “ఆ రోగమైతే మచ్చ మీద స్పర్శ తెల్వదు. గిచ్చి చూడు.”

“వద్దు.”

“గిచ్చత్తమ్మా.”

గిచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి అంత గట్టిగా గిచ్చుతుందనుకోలేదు. అబ్బా అన్నాను.

“తెలుస్తున్నదా?”

“తెల్వకేం! తోలూడొచ్చేటట్టు గిచ్చితివి.”

ఆమె ముఖంలో పెద్ద మార్పేమీ రాలేదు. గిచ్చినచోటే బొటనవేలితో రుద్దింది. మర్నాడు ఆమె గ్లాసు మిగతా గిన్నెలతో కలిసి తొట్టిలో ఉంది.

సెప్టెంబరు

ఇంట్లో తేలినది గుడిలో తేలలేదు.

మా సంఘ పెద్దల్లో వయసులో పెద్దవాడు దానయ్య తాత. బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. బావి పని మోకాళ్లను తినేసింది. అందరూ బలిపీఠం ముందు మోకరించి సంస్కారం తీసుకుంటే ఆయన ముందు బెంచీలోనే కూర్చుంటాడు. వాక్యం బాగా చదివినవాడు. చెడ్డమనిషి కాడు. మా పెళ్లికి గుడి ముందు పందిరి వేయించింది ఆయనే. పెద్దల కూడికలో నా సంగతి ఆయనే ఎత్తాడు. నేను అక్కడే ఉన్నాను. నా వెనక మాట్లాడటం ఆయన పద్ధతి కాదు.

“కోపానికి రావద్దు బిడ్డా. ఒంటి మీద తెల్లమచ్చ లేస్తె యాజకుడు చూసి చెప్పాలెనని వాక్యంల ఉన్నది. నేను జెప్తలేను, వాక్యం జెప్తున్నది. అయ్యగారు ఒక్కసారి చూస్తె అయిపాయె. నీకూ మంచిది, మాకూ మంచిది.”

వేరే ఊళ్లో అయితే డాక్టరును చూపించుకోమని అనేవారేమో. మా సంఘంలో చిన్నప్పటి నుంచి బైబిలులో ఆ అధ్యాయాలు చదువుకున్నాం. మచ్చ చూడటం, మనిషిని ఏడు దినాలు విడిగా ఉంచడం, మళ్లీ చూడటం అందరికీ తెలుసు. డాక్టరును నేను ఎప్పుడో అడిగాను. ప్రభుత్వ దవాఖానలో కూడా పరీక్ష చేయించుకున్నాను, అది కుష్ఠు కాదని, అంటేది కాదని చెప్పారు. ఆ మాట కూడికలో చెప్పాను. తాత తల ఊపాడు. “డాక్టరు కండ్లు డాక్టరువి బిడ్డా” అన్నాడు.

మా పాస్టరు అయ్యగారు చిన్నవయసువాడు. మెదక్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. గుడి పక్క గదిలోకి పిలిచి, తలుపు తెరిచే ఉంచి, నా చెయ్యి చూశాడు. వెలుగు చాలలేదని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడా అదే మచ్చ.

“టీచరమ్మా, నాకేం తెలుస్తదమ్మా? మచ్చ ఉన్నది. అంతే కనబడుతున్నది.”

“అట్లనే చెప్పుండ్రి అయ్యగారూ.”

చెప్పలేదు. బయటికి వచ్చి, కొన్ని నెలలు రొట్టె, రసం పని మార్త చూసుకుంటుందని, టీచరమ్మ చేతికి విశ్రాంతి అని అన్నాడు. ఎవరి మనసూ నొవ్వకుండా ఉండటానికని నాతో విడిగా చెప్పాడు. ఎవరి మనసు అని అడిగాను. ఆయన బైబిలును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అక్టోబరు మొదటి ఆదివారం నేను అందరిలాగే మోకరించాను. నాకు పెద్ద ముక్క వచ్చింది. పక్కామెకు గోరంత ముక్క వచ్చింది. ప్రార్థనలో ఉండాల్సిన మనసు ఆ రెండు ముక్కల తేడా దగ్గరే ఆగిపోయింది. ఇంటికి వచ్చాక అత్తమ్మ, “అంచులు గూడ తియ్యలే” అంది. అన్నం తిన్నాక ఆమె ద్రాక్ష పిండే బట్టను ఉతికి ఆరేసింది, వాడనే లేదు అయినా.

నవంబరు

నొప్పి తిరిగి వచ్చింది. మొదట చలి వల్ల అనుకున్నాను. తర్వాత సమానం గుర్తు దగ్గర అదే పుల్లపోటు.

మళ్లీ కరీంనగర్. ఈసారి వరండాలో ఒకాయన నా చెయ్యి చూసి బెంచీ మీద జరిగాడు. చోటిస్తున్నాడో, దూరం జరుగుతున్నాడో తెలియలేదు. నేను కూర్చున్నాను.

ఏడు నెలలు గడిచాయి కాబట్టి ఇంకోసారి వేయవచ్చునని డాక్టరు అన్నాడు. స్కానింగులో చూస్తూ లోతుగా, తక్కువ మోతాదులో వేస్తాడు. తెల్లమచ్చ పెరిగే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. సూది వద్దంటే పట్టీ కట్టుకుని, పని తగ్గించుకుని చూడవచ్చు. పట్టీ ఎలాగూ కట్టుకోవాలి. ఆపరేషన్ ఉంది కాని ఇప్పుడే తొందర లేదు. ఆలోచించుకుని రమ్మన్నాడు.

బస్టాండులో టీ తాగుతూ మా ఆయన అన్నాడు. “ఒకపారి తెల్లగైంది, సాల్లేదా? ఓర్చుకో జర. చలికాలం పోతే తక్కువైతది.”

“తక్కువ కాకపోతే?”

“మచ్చ పెరిగితే గుడిల ఇంక ఎన్నటికి ఒప్పుకోరు సుగుణా. మెల్లగ తగ్గినంక వాళ్లే పిలుస్తరు. తొందరెందుకు?”

ఆయన మాటలో న్యాయం ఉంది. రెండు రోజులు దాన్ని లెక్కగానే వేసి చూశాను. సూది వద్దంటే మచ్చ తగ్గవచ్చు, కాని ద్రాక్ష పిండే చెయ్యి ఉండదు. సూది వేయించుకుంటే చెయ్యి ఉంటుంది, ఆ చేతిని బల్ల దగ్గరికి రానివ్వకపోవచ్చు. రెండు వైపులా పోయేది ఒకటే. అలాంటప్పుడు మిగిలేది చూసుకోవాలి. ఒక వైపు నొప్పి మిగులుతుంది, ఇంకో వైపు రంగు.

“నొప్పి నాది. రంగు చూసేటోళ్లది” అన్నాను మా ఆయనతో. ఆయన ఎప్పుడు సెలవు పెట్టమంటావని అడిగాడు.

డిసెంబరు

రెండో సూది మొదటిదానికంటే తేలిక. నొప్పి వారంలో దిగింది. బోర్డు మీద రాయడం తగ్గించి, పిల్లల చేతనే రాయిస్తున్నాను. రాత్రి పట్టీ కట్టుకుంటున్నాను. సూదితో అంతా నయమైందని ఎవరైనా అంటే నమ్మవద్దు. సూది కొంత కాలాన్ని ఇస్తుంది. ఆ కాలంలో కీలుకు పని తగ్గించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. చేతి మీద, కాలి మీద పలుచని చోట వేయించుకునేవాళ్లు రంగు సంగతి తాము తెలుసుకుని ఊరుకోకుండా ఇంట్లోవాళ్లకు కూడా సూదికి ముందే చెప్పాలి. మచ్చ వచ్చాక చెప్పిన మాట సాకులాగా వినిపిస్తుంది.

క్రిస్మస్‌కు వారం ముందు అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన నక్షత్రానికి రంగుకాగితం అంటిస్తున్నాడు.

“అయ్యగారూ, జనవరి నుంచి రొట్టె, రసం పని నేను చేస్త. వద్దనుకుంటే సంఘం ముందర మీరే చెప్పుండ్రి. ఎందుకు వద్దో కూడ చెప్పుండ్రి.”

ఆయన చేతికి జిగురు అంటుకుంది. దాన్ని తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

“ఎందుకో నేను చెప్పలేనమ్మా” అన్నాడు చివరకు. “చెయ్యుండ్రి.”

మార్తకు నేనే వెళ్లి చెప్పాను. ఒళ్లో చాట, చాటలో బీడీ ఆకు. కత్తెర ఆపకుండానే ఊపిరి వదిలింది.

“బతికిచ్చినవ్ టీచరక్కా. ఆకుకైతె రేకు ముక్క పెట్టి కోస్త, కొలత తప్పదు. గా రొట్టెకు ఏం పెట్టాలె? మెత్తగ అణిగిపోతది. మొన్న మీ అత్తమ్మ నన్ను జూసిన సూపుకు నాకు నెలరోజులు నిద్ర పట్టలే.”

చాట ఒళ్లో సర్దుకుని, “నేను ఏమనలేదక్కా నిన్ను. పక్కన కూసోలేదు, అంతే” అంది. అవునని అన్నాను.

జనవరి

కొత్త సంవత్సరపు మొదటి ఆదివారం మా సంఘంలో దేవునితో చేసుకున్న మాటను తిరిగి చెప్పుకునే నిబంధన ఆరాధన. సంవత్సరంలో గుడి నిండే రోజుల్లో అదొకటి. శనివారం ద్రాక్ష పిండాను. రొట్టె కోశాను. సూది పడ్డ కొత్తచోట మచ్చ అంచు కొద్దిగా జరిగింది. కొలిచి చూసుకోలేదు. అత్తమ్మ పీట మీద కూర్చుని చూసింది, మధ్యలో లేచి వెళ్లి పడుకుంది. నా పని చూడకుండా ఆమె పడుకోవడం అదే మొదలు.

ఆరాధనలో అందరూ వరుసలుగా వచ్చి మోకరించారు. అయ్యగారు రొట్టె ఇస్తుంటే ఇంకొక పెద్దమనిషి చిన్న గ్లాసులు అందిస్తున్నాడు. నేను కళ్లు మూసుకుని ఉండాలి. తెరిచే ఉంచాను. ఒకే ఒక్క కుటుంబం వరుసలోకి రాలేదు. వాళ్లు రాకపోవడానికి నేనే కారణమో, మరొకటో, నాకు తెలియదు. మిగతావాళ్లు వచ్చారు. మార్త వచ్చింది, ముక్క చేతిలో పడగానే ఒకసారి దాన్ని చూసుకుంది.

మోకరించలేని ముసలివాళ్లకు ముందు బెంచీకే రొట్టె తీసుకెళ్లాలి. అయ్యగారు వరుస మధ్యలో ఉన్నాడు. బల్ల పక్కన ఉన్న నా వైపు చూసి, రెండో పళ్లెం నా చేతుల్లో పెట్టాడు. ముందుగా అనుకున్నది కాదు. పళ్లెం అంచు మీద నా కుడి బొటనవేలు, దాని మూలన మచ్చ, ఎవరు చూసినా కనిపించేలా ఉంది. చెయ్యి మార్చుకోవచ్చు. మార్చుకోలేదు.

మొదట అత్తమ్మ తీసుకుంది. పక్కన దానయ్య తాత. ఆయన ముందు ఆగి పళ్లెం వంచాను. ఆయన చెయ్యి లేవలేదు. మచ్చ వైపు చూశాడు. పాట నడుస్తూనే ఉంది కాని వెనక బెంచీల్లో గొంతులు తగ్గినట్టు నాకు తెలిసింది. వంగి నిలబడటం వల్ల నడుము లాగుతోంది. జరిగిపొమ్మని ఆయన తల అడ్డంగా ఊపితే జరిగిపోదామని అనుకున్నాను. అంతకుమించి ఆ సమయంలో ఏ ఆలోచనా లేదు.

ఆయన మెల్లగా నా చెవి దగ్గరికి వంగాడు.

“బిడ్డా, నొప్పి మొత్తం పోయిందా?”

“ఇప్పటికైతే పోయింది తాతా. మళ్ల రావచ్చు.”

“గా డాక్టరు మోకాలుకు గూడ ఏస్తడా?”

“వేస్తడు.”

తాత తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. “మోకాలు తెల్లగైతె ఎవడు జూస్తడు తియ్యి. ధోతి కిందనే గదా.”

“ముందు రొట్టె తీస్కోండ్రి తాతా.”

ఆయన తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నేను పళ్లెం పక్కాయన ముందుకు జరిపాను.